అలర్జీ జలుబును అర్థం చేసుకుని అదుపులో పెట్టుకోవడం ఎలా?

పొద్దున్న లేచి దుప్పటి మడత పెట్టేలోపే మొదలవుతాయి. ఒకటి, రెండు, అయిదు, పది... వరసపెట్టి తుమ్ములు. ముక్కు లోపల ఈకతో గీరుతున్నట్టు దురద, అంగిట్లోనూ అదే దురద. చీమిడి నీళ్లలా ధారగా కారుతుంది. ఓ గంట గడిచాక కారడం తగ్గి ముక్కు దిబ్బడ వేసుకుంటుంది. మధ్యాహ్నానికి కాస్త తేరుకుంటారు. రాత్రి పడుకోగానే మళ్లీ నోటితో గాలి పీల్చుకోవాల్సి వస్తుంది. జ్వరం ఉండదు, ఒళ్లు నొప్పులు ఉండవు, ఇంట్లో ఇంకెవరికీ అంటుకోదు. అయినా చూసినవాళ్లందరూ అడిగేది ఒకటే: "మళ్లీ జలుబు చేసిందా?"

ఇది మామూలు జలుబు కాదు. దీని పేరు అలర్జిక్ రైనైటిస్. జలుబు వైరస్ వల్ల వస్తుంది. ఇది మన ఒంటి రక్షణ వ్యవస్థ పొరబడటం వల్ల వస్తుంది. దుమ్ములోనో పుప్పొడిలోనో ఉండే, మనకు ఏ హానీ చేయని ఒక ప్రోటీన్‌ను అది శత్రువు అనుకుని ముక్కులో యుద్ధానికి దిగుతుంది. ఇలా అతిగా స్పందించడాన్నే వైద్యంలో హైపర్‌సెన్సిటివిటీ అంటారు.

నేను డాక్టర్ని కాను. ఇరవై ఏళ్లుగా ఈ ముక్కుతో బతుకుతున్న మనిషిని. మొదటి పదేళ్లు జలుబు మాత్రలతో, చుక్కల మందులతో గడిచిపోయాయి. లోపల ఏం జరుగుతోందో అర్థమయ్యాకే ఏ మందు ఎందుకు వాడాలో, ఎలా వాడాలో తెలిసింది. అందుకే మీకు కూడా ఆ వరసలోనే చెబుతున్నాను.

ఒక అపోహ మాత్రం ముందే తీసేయాలి. "ఇమ్యూనిటీ తగ్గింది, అందుకే ఊరికే తుమ్ములొస్తున్నాయి" అని చాలామంది అనుకుంటారు. ఇమ్యూనిటీ పెంచుతామనే పొడుల కోసం, మాత్రల కోసం వెతుకుతారు. నిజానికి ఇక్కడ ఇమ్యూనిటీ తగ్గలేదు, అక్కర్లేని చోట రెచ్చిపోతోంది. దాన్ని శాంతపరచడమే మన పని.

మొదటి అడుగు: లోపల ఏం జరుగుతోందో తెలుసుకోండి

'అలర్జీ' అనే మాటను 1906లో ఆస్ట్రియాకు చెందిన పిల్లల డాక్టర్ క్లెమెన్స్ ఫాన్ పిర్కే పుట్టించారు. 1963లో జెల్, కూంబ్స్ అనే ఇద్దరు బ్రిటిష్ శాస్త్రవేత్తలు హైపర్‌సెన్సిటివిటీని నాలుగు రకాలుగా విడగొట్టారు. అలర్జిక్ రైనైటిస్ అందులో మొదటి రకం, అంటే నిమిషాల్లో విరుచుకుపడేది. దీన్ని నడిపించే యాంటీబాడీ (రక్షణ వ్యవస్థ తయారుచేసే ఆయుధం లాంటి ప్రోటీన్) పేరు ఐజీఈ, అంటే ఇమ్యునోగ్లోబులిన్ ఇ. 1960ల చివర్లో ఇషిజాకా దంపతులు అమెరికాలో, జొహాన్సన్, బెన్నిక్ స్వీడన్‌లో విడివిడిగా దీన్ని కనుక్కున్నారు. 1968లో దానికి ఆ పేరు ఖాయమైంది.

కథ రెండు అంకాల్లో నడుస్తుంది. మొదటి అంకంలో బయటికి ఏమీ కనిపించదు. గాలితో పాటు లోపలికి వెళ్లిన అలర్జీ కారకాన్ని ముక్కు పొరలోని కాపలా కణాలు పట్టుకుని రక్షణ వ్యవస్థలోని టి కణాలకు చూపిస్తాయి. టి కణాలు బి కణాలను పురమాయిస్తాయి. బి కణాలు సరిగ్గా ఆ ఒక్క పదార్థానికి సరిపోయే ఐజీఈని తయారుచేస్తాయి. ఆ ఐజీఈ వెళ్లి ముక్కు పొరలో ఉండే మాస్ట్ కణాలనే రక్షణ కణాల ఒంటి నిండా అతుక్కుని కూర్చుంటుంది. ఇదంతా నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి నిశ్శబ్దంగా జరిగిపోతుంది. "ఇన్నేళ్లూ లేనిది ఇప్పుడెందుకు వచ్చింది?" అని మీకు అనిపిస్తే జవాబు ఇదే. ఒళ్లు ఇన్నాళ్లూ సరంజామా సిద్ధం చేసుకుంటూ ఉంది.

రెండో అంకం తుమ్ములది. అదే పదార్థం మళ్లీ ముక్కులో పడుతుంది. మాస్ట్ కణం మీద పక్కపక్కన ఉన్న రెండు ఐజీఈలను ఒకేసారి తాకి ముడివేస్తుంది. అంతే, ఆ కణం లోపల సంచుల్లో దాచుకున్న హిస్టమిన్ అనే రసాయనం బయటికి దూకుతుంది. హిస్టమిన్ నరాల కొసలను తాకితే దురద, తుమ్ములు. గ్రంథుల దాకా వెళితే నీళ్లు కారడం. సన్నని రక్తనాళాలు వెడల్పై, వాటిలోంచి ద్రవం ఊరితే వాపు. ఇదంతా నిమిషాల్లో జరుగుతుంది.

చాలామందికి తెలియనిది దీని తర్వాత ఉంది. నాలుగు నుంచి ఎనిమిది గంటల తర్వాత రెండో విడత మొదలవుతుంది. ఈసారి వచ్చేవి ఇయోసినోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు. అవి ముక్కు పొరలో చేరి వాపును గంటల తరబడి నిలబెడతాయి. పొద్దున దుమ్ము దులిపిన మనిషికి సాయంత్రం ముక్కు బిగుసుకుపోవడం ఇందువల్లే. దీనికి తోడు, రోజూ అలర్జీ కారకం తగులుతూ ఉంటే ముక్కు ఇంకా ఇంకా సున్నితం అవుతుంది. మొదటి వారం చారెడు దుమ్ముకు వచ్చిన తుమ్ములు, మూడో వారం చిటికెడు దుమ్ముకే వస్తాయి. ఆ దశలో అగరొత్తి పొగ, సెంటు వాసన, చల్లగాలి కూడా తట్టుకోలేరు. వీటిలో అలర్జీ కారకం లేకపోయినా, అప్పటికే వాచి ఉన్న ముక్కు వాటికీ ఎగిరిపడుతుంది.

ఈ రెండు విడతల సంగతి గుర్తుపెట్టుకోండి. చికిత్స అంతా దీని మీదే నడుస్తుంది. తుమ్ములకు, దురదకు, కారడానికి హిస్టమిన్‌ను అడ్డుకునే మందు పనిచేస్తుంది. దిబ్బడకు అది చాలదు, వాపును అణిచే మందు కావాలి.

రెండో అడుగు: మీది నిజంగా అలర్జీయేనా?

దురద పెద్ద ఆధారం. ముక్కులో, కళ్లల్లో, అంగిట్లో, చెవుల లోపల దురద ఉంటే అలర్జీ వైపే ఎక్కువ అనుమానించాలి. జలుబులో గొంతు నొప్పి, ఒళ్లు బరువు, కొద్దిగా జ్వరం ఉంటాయి, వారం పది రోజుల్లో పోతుంది. అలర్జీ వారాల తరబడి ఉంటుంది, లేదా ప్రతి ఏడూ అదే కాలానికి వస్తుంది. ఇంట్లో ఎవరికైనా ఉబ్బసం, ఎగ్జిమా (చర్మం ఎర్రబడి దురద పెట్టే జబ్బు), ఇలాంటి తుమ్ములే ఉంటే అనుమానం ఇంకా బలపడుతుంది.

పిల్లలు దురద అని చెప్పలేరు. వాళ్లను గమనించాలి. అరచేత్తో ముక్కు కొసను కింది నుంచి పైకి రుద్దుకుంటూ ఉంటారు. ఆ రుద్దుడు వల్ల ముక్కు మీద అడ్డంగా ఒక సన్నని గీత పడుతుంది. కళ్ల కింద నల్లగా కమిలినట్టు ఉంటుంది. రాత్రి నోరు తెరిచి నిద్రపోతారు, పగలు చదువు మీద ధ్యాస నిలవదు. బద్ధకం అని తిట్లు తినే పిల్లల్లో కొందరికి అసలు సమస్య రాత్రి నిద్ర లేకపోవడమే. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం.

కొన్ని లక్షణాలు కనిపిస్తే మాత్రం ఇంట్లో ప్రయోగాలు వద్దు, ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించుకోండి. ఎప్పుడూ ఒకే వైపు ముక్కు మూసుకుపోవడం, ఒకే వైపు నుంచి కారడం, రక్తం పడటం, దుర్వాసనతో చీము రావడం, ముఖంలో గట్టి నొప్పి, వాసన పూర్తిగా పోవడం. చిన్నపిల్లల్లో ఒక్క ముక్కు రంధ్రం నుంచే దుర్వాసనతో కారుతుంటే అందులో ఏదో వస్తువు ఇరుక్కుని ఉండొచ్చు. తలకు దెబ్బ తగిలాక ఒక వైపు నుంచి తేటగా నీళ్లు కారుతుంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి, అది మెదడు చుట్టూ ఉండే ద్రవం కావచ్చు.

మూడో అడుగు: రెండు వారాలు రాసి చూడండి

ఖరీదైన పరీక్షల కంటే ముందు ఒక చిన్న నోట్‌బుక్ తీసుకోండి. ఫోన్‌లో రాసుకున్నా సరే. తుమ్ములు ఏ గంటకు వచ్చాయి, అప్పుడు ఎక్కడ ఉన్నారు, ఏం చేస్తున్నారు, రాత్రి నిద్ర ఎలా పట్టింది. ఇంతకంటే ఎక్కువ రాయక్కర్లేదు. రెండు వారాలకు ఒక రూపం కనిపిస్తుంది.

ఏడాది పొడుగునా, ముఖ్యంగా పడకగదిలో, లేవగానే ఎక్కువగా ఉంటే డస్ట్ మైట్లను, అంటే పక్క దుమ్ములో బతికే అతి చిన్న జీవులను అనుమానించండి. ఫలానా నెలల్లో, ఆరుబయట, గాలి వీచే రోజుల్లో ఎక్కువైతే పుప్పొడి. గోడలు చెమ్మగిల్లిన గదుల్లో అయితే బూజు. పిల్లి, కుక్క ఉన్న ఇంటికి వెళ్లిన అరగంటలో కళ్లు ఎర్రబడితే సంగతి చెప్పక్కర్లేదు. బొద్దింకలను చాలామంది లెక్కలోకి తీసుకోరు, కానీ వాటి వ్యర్థాలు కూడా గట్టి అలర్జీ కారకాలు. పనిచేసే చోట ఎక్కువై సెలవు రోజుల్లో తగ్గితే, అక్కడి పిండి, రంపపు పొట్టు, రసాయనాల లాంటివాటి గురించి ఆలోచించాలి.

ఆ నోట్‌బుక్‌తోనే తీవ్రత కూడా తేలుతుంది. డాక్టర్లు రెండు ప్రశ్నలు వేసుకుంటారు. వారంలో నాలుగు రోజులు, అంతకంటే ఎక్కువ ఉంటూ, అది వరసగా నాలుగు వారాలు సాగుతోందా? అలా అయితే దాన్ని నిలకడగా ఉన్నదిగా లెక్కిస్తారు, లేకపోతే అప్పుడప్పుడూ వచ్చేది. ఇక రెండోది: నిద్ర చెడుతోందా, చదువు, పని, ఆటలు దెబ్బతింటున్నాయా, లక్షణాలు భరించలేనట్టు ఉన్నాయా? వీటిలో ఒక్కదానికి అవునన్నా అది తేలికపాటి అలర్జీ కాదు. "ముక్కే కదా, ఏముందిలే" అని తోసేయకండి.

నాలుగో అడుగు: పడకగదితో మొదలుపెట్టండి

ఇల్లంతా ఒకేసారి శుభ్రం చేయాలనుకుంటే రెండో వారానికే విసుగొస్తుంది. రోజులో ఏడెనిమిది గంటలు మీ ముక్కు దిండుకు ఆనుకుని ఉంటుంది. కాబట్టి అక్కడి నుంచే మొదలుపెట్టండి.

డస్ట్ మైట్ అనేది మిల్లీమీటరులో మూడో వంతు ఉండే జీవి. కంటికి ఆనదు, కుట్టదు. మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టు దాని తిండి. అది నీళ్లు తాగదు, గాలిలోని తేమనే ఒంట్లోకి పీల్చుకుంటుంది. అందుకే తేమ 50 శాతం కంటే తక్కువ ఉన్న గదుల్లో అది నిలదొక్కుకోలేదు. మనకు అలర్జీ తెచ్చేది ముఖ్యంగా దాని మలంలోని ప్రోటీన్. ఆ రేణువులు కొంచెం బరువు కాబట్టి కదపనంత సేపూ పరుపులో, తివాచీలో పడి ఉంటాయి. పక్క దులిపితే, చీపురుతో ఊడిస్తే లేచి కాసేపు గాలిలో తేలి మళ్లీ కిందకు దిగుతాయి. పక్క దులపగానే తుమ్ములు వచ్చే రహస్యం ఇదే.

దుప్పట్లు, దిండు గలీబులు వారానికోసారి 60 డిగ్రీల వేడి నీళ్లలో ఉతకండి. చల్లటి నీళ్లు కొంత అలర్జీ కారకాన్ని కడిగేస్తాయి గానీ మైట్లను చంపలేవు. పరుపుకు, దిండ్లకు జిప్పుతో మూసే మైట్ కవర్లు దొరుకుతాయి. అయితే కవరు ఒక్కటే కొని ఊరుకుంటే పెద్దగా తేడా రాదని పరిశోధనల్లో తేలింది. కవరు, వేడి నీళ్ల ఉతుకు, తేమ తగ్గించడం, తివాచీ తీసేయడం, అన్నీ కలిస్తేనే లాభం. పడకగదిలో బట్టతో చేసిన బొమ్మలు, మందపాటి కర్టెన్లు తగ్గించండి. ఊడవడానికి బదులు తడిబట్టతో తుడవండి. దులిపే పని తప్పకపోతే మాస్కు పెట్టుకోండి, వీలైతే అలర్జీ లేనివాళ్లు ఆ పని చేసి, మీరు ఓ గంట ఆగి గదిలోకి రండి.

పుప్పొడి కాలంలో పద్ధతి వేరు. గాలి ఎక్కువగా వీచే వేళల్లో కిటికీలు మూయండి. బయటి నుంచి రాగానే బట్టలు మార్చుకుని ముఖం, జుట్టు కడుక్కోండి, లేకపోతే జుట్టులోని పుప్పొడి రాత్రంతా దిండు మీద మీతో పాటు పడుకుంటుంది. ఉతికిన బట్టలు ఆరుబయట ఆరేయకండి. కళ్లద్దాలు కళ్ల దురదను కొంత తగ్గిస్తాయి. పిల్లి విషయానికొస్తే, దాని అలర్జీ కారకం చాలా తేలిక, గంటల తరబడి గాలిలో తేలుతుంది. పిల్లిని ఇంకో ఇంటికి పంపేసినా నెలల పాటు ఇంట్లో ఉంటుంది. హెపా ఫిల్టరు (అతి సన్నని రేణువులను పట్టే జల్లెడ) ఉన్న ఎయిర్ ప్యూరిఫయర్ ఇలాంటి తేలిక రేణువులకు కొంత పనికొస్తుంది. పరుపులో ఉన్న మైట్లకు దానితో పనిలేదు.

పొగ సంగతి ఒక్క మాటలో చెబుతాను. ఇంట్లో ఎవరూ సిగరెట్ తాగకూడదు.

అయిదో అడుగు: ఉప్పునీళ్లతో ముక్కు కడగండి

దీనికి ఖర్చు దాదాపు లేదు, పిల్లలకూ గర్భిణులకూ వాడుకోవచ్చు. పొరకు అంటుకున్న అలర్జీ కారకాన్ని, చిక్కటి చీమిడిని కడిగేస్తుంది. తర్వాత వేసే స్ప్రే శుభ్రమైన పొర మీద పడుతుంది.

నీళ్ల విషయంలో మాత్రం పట్టుదలగా ఉండండి. కుళాయి నీళ్లు నేరుగా వాడొద్దు. ఒక నిమిషం పాటు తెర్లేలా మరిగించి గోరువెచ్చగా చల్లార్చిన నీళ్లు గానీ, డిస్టిల్డ్ వాటర్ గానీ వాడండి. ఎత్తయిన కొండ ప్రాంతాల్లో మూడు నిమిషాలు మరిగించాలి. శుద్ధి కాని నీళ్లలో చాలా అరుదుగా నెగ్లేరియా ఫౌలెరి అనే అమీబా ఉంటుంది. తాగితే అది ఏమీ చేయదు, ముక్కులోంచి వెళితే మెదడుకు పాకి ప్రాణం తీస్తుంది.

పావు లీటరు నీళ్లకు అర టీస్పూను కంటే కొంచెం తక్కువగా అయోడిన్ కలపని ఉప్పు, చిటికెడు వంటసోడా. ఉప్పు తక్కువైనా ఎక్కువైనా మంట పుడుతుంది, మంట పుట్టకపోతే మోతాదు సరిపోయినట్టే. సింక్ మీదకు వంగి, తల ఒక పక్కకు తిప్పి, నోటితో గాలి పీలుస్తూ పై రంధ్రంలో పోయండి. కింది రంధ్రంలోంచి కారిపోతుంది. తర్వాత రెండు రంధ్రాలూ తెరిచే ఉంచి నెమ్మదిగా చీదండి. ఒకటి మూసి గట్టిగా చీదితే నీళ్లు చెవుల వైపు వెళతాయి. ముక్కు పూర్తిగా బిగుసుకుని ఉన్నప్పుడు బలవంతంగా పోయకండి. వాడిన సీసాను ప్రతిసారీ కడిగి ఆరబెట్టండి.

ఆరో అడుగు: స్టెరాయిడ్ స్ప్రే, సరిగ్గా

రోజూ బాధపడేవాళ్లకు, దిబ్బడ ఎక్కువగా ఉన్నవాళ్లకు ముందుగా వాడాల్సిన మందు ఇదే. ఫ్లూటికాసోన్, మొమెటాసోన్, బుడెసొనైడ్ లాంటివి. స్టెరాయిడ్ అనగానే భయపడతారు, నేనూ భయపడ్డాను. కానీ ఇవి మైక్రోగ్రాముల్లో ఉంటాయి, పని ముక్కు పొర మీదే చేస్తాయి, ఫ్లూటికాసోన్, మొమెటాసోన్ లాంటివి రక్తంలోకి వెళ్లేది చాలా తక్కువ. ఇయోసినోఫిల్స్‌ను రానివ్వకుండా రెండో విడతను అణిచేవి ఇవే. తుమ్ములు, దురద కూడా తగ్గిస్తాయి.

"స్ప్రే వాడాను, పనిచేయలేదు" అనేవాళ్లలో చాలామంది రెండు రోజులు వాడి ఆపేసినవాళ్లు, లేదా తప్పుగా కొట్టుకున్నవాళ్లు. పన్నెండు గంటల్లో కొంత తేడా తెలిసినా పూర్తి ఫలితానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. తుమ్ములొచ్చిన రోజున మాత్రమే కొట్టుకుంటే అందులో సగం లాభం కూడా రాదు.

ఎలా కొట్టుకోవాలో నిదానంగా చూద్దాం. ముందు ముక్కు శుభ్రంగా చీదండి. సీసాను ఊపండి. కొత్త సీసా అయితే, లేదా చాలా రోజులు పక్కన పెట్టినదైతే, సన్నని తుంపర వచ్చేదాకా గాలిలోకి నొక్కండి. ఇప్పుడు తల వెనక్కి వాల్చకండి, కొద్దిగా ముందుకు వంచండి. కుడి ముక్కుకు ఎడమ చెయ్యి, ఎడమ ముక్కుకు కుడి చెయ్యి వాడండి. అప్పుడు సీసా కొస దానంతట అదే బయటి వైపుకు, అదే వైపు చెవి వైపుకు తిరుగుతుంది. మధ్య గోడకు తగలకూడదు. ఆ గోడ మీద రోజూ మందు పడితే అది పొడిబారి పుండు పడుతుంది, రక్తం వస్తుంది. నొక్కేటప్పుడు పువ్వు వాసన చూసినంత మెల్లగా గాలి పీల్చండి. గట్టిగా ఎగపీలిస్తే మందు ముక్కు దాటి గొంతులోకి పోతుంది. గొంతులో చేదు, మందు రుచి తగిలిందంటే మీరు గట్టిగా పీల్చారన్నమాట. కొట్టుకున్నాక పది పదిహేను నిమిషాలు చీదకండి.

నాకు కుడి ముక్కులో తరచూ రక్తపు చారలు కనిపించేవి. కుడిచేతి వాటం కాబట్టి అన్నాళ్లూ రెండు ముక్కులకూ కుడి చెయ్యే వాడుతున్నానని, కుడి ముక్కులో కొస గోడకు గురిపెట్టినట్టే అవుతోందని ఒక నర్సు చూసి చెప్పారు. మీరు ఏ చెయ్యి వాడుతున్నారో కాదు, కొస ఎటు తిరిగి ఉందో అద్దంలో ఒకసారి చూసుకోండి. పది రోజుల్లో నాకు రక్తం ఆగిపోయింది.

పిల్లలకు ఏళ్ల తరబడి వాడాల్సి వస్తే డాక్టర్ పర్యవేక్షణలో, అతి తక్కువ మోతాదులో, ఎత్తు కొలుస్తూ వాడాలి.

ఏడో అడుగు: మాత్రలు ఎక్కడ పనికొస్తాయి

తుమ్ములు, దురద, కారడం ప్రధానంగా ఉండి, అప్పుడప్పుడూ వస్తుంటే మాత్ర సరిపోతుంది. సెట్రిజిన్, లెవోసెట్రిజిన్, లోరటడిన్, ఫెక్సోఫెనడిన్, బిలాస్టిన్ ఈ కాలపు యాంటీహిస్టమిన్లు, అంటే హిస్టమిన్‌ను అడ్డుకునే మందులు. క్లోర్‌ఫెనిరమిన్ లాంటి పాతవి మెదడులోకి వెళ్లి మగత తెస్తాయి. మగత లేదనిపించినా చురుకుదనం తగ్గుతుంది, కాబట్టి బండి నడిపేవాళ్లకు, చదువుకునే పిల్లలకు, వయసు పైబడ్డవాళ్లకు అవి మంచివి కావు. కొత్తవాటిలో సెట్రిజిన్, లెవోసెట్రిజిన్ కొందరికి నిద్ర తెస్తాయి, రాత్రి వేసుకుంటే సరి. కిడ్నీ జబ్బు ఉంటే వాటి మోతాదు తగ్గించాలి. ఫెక్సోఫెనడిన్‌ను మంచినీళ్లతోనే వేసుకోండి, పండ్ల రసంతో వేసుకుంటే ఒంటికి పట్టేది తగ్గిపోతుంది.

దుమ్ములోకి, పిల్లి ఉన్న ఇంటికి వెళ్లాల్సి వస్తుందని ముందే తెలిస్తే, వెళ్లడానికి ఓ రెండు గంటల ముందే మాత్ర వేసుకోండి. హిస్టమిన్ బయటికి వచ్చాక వెంటాడటం కంటే ముందే తలుపు మూయడం తేలిక.

ఇంకా తొందరగా ఫలితం కావాలంటే అజెలాస్టిన్ అనే యాంటీహిస్టమిన్ స్ప్రే ఉంది, పదిహేను నిమిషాల్లో పనిచేస్తుంది, కాస్త చేదు. స్టెరాయిడ్ స్ప్రే ఒక్కటే చాలనివాళ్లకు రెండూ కలిసిన స్ప్రేను డాక్టర్లు రాస్తారు. కళ్ల దురదకు ఒలోపటడిన్ చుక్కలు బాగా పనిచేస్తాయి. అలర్జీకి రాసే ఇంకో మాత్ర మాంటెలుకాస్ట్‌ను మాత్రం అలవాటుగా వేసుకోకండి. నిద్రలో పీడకలలు, ఆందోళన, దిగులు, ఆత్మహత్య ఆలోచనల వంటివి రావొచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020లో దాని పెట్టె మీద అత్యంత తీవ్రమైన హెచ్చరిక పెట్టించింది. అలర్జిక్ రైనైటిస్‌కు వేరే మందులు పనిచేయనప్పుడే వాడమంది.

యాంటీబయాటిక్స్‌కు ఇక్కడ పనే లేదు. "ఒక్క ఇంజెక్షన్‌తో సీజన్ అంతా పోతుంది" అని ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ వద్దనండి. స్ప్రేలో మైక్రోగ్రాములుంటే దానిలో మిల్లీగ్రాములుంటాయి, ఒళ్లంతా తిరుగుతుంది.

దిబ్బడ చుక్కలతో జాగ్రత్త

ఆక్సీమెటజోలిన్, జైలోమెటజోలిన్ చుక్కలు వేసిన అయిదు నిమిషాల్లో ముక్కు తెరుచుకుంటుంది. ఆ హాయి అంతా ఇంతా కాదు. అవి ఉబ్బిన రక్తనాళాలను బిగిస్తాయి, అంతవరకే. అలర్జీని ముట్టుకోవు. మూడు రోజులు, మహా అయితే అయిదు రోజులు దాటితే ముక్కు వాటికి అలవాటు పడుతుంది. మందు ప్రభావం దిగగానే ముందుకంటే గట్టిగా బిగుసుకుంటుంది. అప్పుడు మళ్లీ చుక్కలు, మళ్లీ దిబ్బడ. నేను ఈ వలయంలో దాదాపు రెండేళ్లు ఉన్నాను. దిండు కింద ఒక సీసా, బ్యాగులో ఒకటి, సీసా ఖాళీ అవుతోందంటే టెన్షన్. అది అలర్జీ ముదరడం అనుకున్నాను గానీ మందు వల్ల వచ్చిన జబ్బని తెలియదు.

మీరు ఈ స్థితిలో ఉంటే బయటపడొచ్చు. డాక్టర్‌ను కలిసి స్టెరాయిడ్ స్ప్రే మొదలుపెట్టి, చుక్కలు ఆపేయాలి. ఒకేసారి ఆపలేకపోతే ముందు ఒక ముక్కులో ఆపి, అది తెరుచుకున్నాక రెండోదాంట్లో ఆపవచ్చు. మొదటి వారం రాత్రులు కష్టంగా ఉంటాయి. తల కింద రెండు దిండ్లు పెట్టుకుని, ఉప్పునీళ్లతో కడుగుతూ ఆ వారం గట్టెక్కండి. తర్వాత తేలికవుతుంది. దిబ్బడకు వాడే, సూడోఎఫెడ్రిన్ ఉన్న మాత్రలు కూడా బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లకు మంచివి కావు.

ఎనిమిదో అడుగు: పరీక్షలు, ఇమ్యునోథెరపీ

మందులతో అదుపులోకి వస్తే పరీక్షలు తప్పనిసరి కాదు. రాకపోయినా, కారణం తేలకపోయినా, ఇమ్యునోథెరపీ ఆలోచన ఉన్నా చేయించుకోవాలి. స్కిన్ ప్రిక్ టెస్టులో ముంజేతి మీద అలర్జీ కారకాల చుక్కలు వేసి సన్నని మొనతో గుచ్చుతారు. పదిహేను, ఇరవై నిమిషాల్లో దద్దురు వస్తే, మందు లేని చుక్క దగ్గరి కంటే అది 3 మిల్లీమీటర్లు పెద్దదైతే పాజిటివ్. మీ చర్మంలోనే ఆ రెండో అంకం కళ్ల ముందు జరుగుతుందన్నమాట. పరీక్షకు వారం ముందు నుంచి యాంటీహిస్టమిన్లు ఆపమంటారు, ముక్కు స్ప్రే ఆపక్కర్లేదు. చర్మం మీద కుదరనివాళ్లకు రక్తంలో ఆయా పదార్థాల ఐజీఈ చూస్తారు.

ఒక హెచ్చరిక. పాజిటివ్ అంటే ఆ పదార్థానికి ఐజీఈ తయారైందని మాత్రమే. దాని వల్లే మీకు తుమ్ములు వస్తున్నాయని తేలాలంటే మీ నోట్‌బుక్‌తో అది సరిపోలాలి. ముప్పై నలభై పేర్ల జాబితా చేతికిచ్చి ఇవన్నీ మానేయమంటే ఒప్పుకోకండి. మొత్తం ఐజీఈ ఎంతుందో చెప్పే పరీక్ష ఒక్కదానితో ఏదీ తేలదు.

ఇమ్యునోథెరపీ మందుల కంటే లోతుగా వెళుతుంది. బ్రిటిష్ డాక్టర్ లియొనార్డ్ నూన్ 1911లో గడ్డి పుప్పొడితో మొదలుపెట్టిన పద్ధతి ఇది. మీకు పడని పదార్థాన్నే అతి కొద్ది మోతాదులో, క్రమంగా పెంచుతూ ఇస్తారు. రక్షణ వ్యవస్థ దానికి అలవాటు పడి, ఐజీఈ దారి వదిలి శాంతించడం నేర్చుకుంటుంది. చర్మం కింద ఇంజెక్షన్లుగా గానీ, నాలుక కింద పెట్టుకునే మాత్రలు, చుక్కలుగా గానీ ఇస్తారు. మూడు నుంచి అయిదేళ్లు పడుతుంది, ఆపేశాక కూడా కొన్నేళ్లు లాభం నిలుస్తుంది. ఇంజెక్షన్ తీసుకున్న ప్రతిసారీ అరగంట అక్కడే కూర్చోవాలి, ఎందుకంటే అరుదుగా ప్రాణాపాయమైన రియాక్షన్ వస్తుంది, అది ఎక్కువగా ఆ అరగంటలోనే వస్తుంది. ఆస్తమా అదుపులో లేనివాళ్లు దీన్ని మొదలుపెట్టకూడదు.

ఛాతీ మీద కూడా ఒక కన్ను వేయండి

ముక్కు, ఊపిరితిత్తులు ఒకే గాలి దారికి రెండు చివరలు. ఆస్తమా ఉన్నవాళ్లలో ఎక్కువమందికి ముక్కు అలర్జీ ఉంటుంది. ముక్కు అలర్జీ ఉన్నవాళ్లలోనూ చాలామందికి ఆస్తమా ఉంటుంది, వాళ్లకు ఆ సంగతి తెలియకపోవచ్చు. రాత్రి దగ్గు, పిల్లికూతలు, మెట్లెక్కితే ఆయాసం, పరుగెత్తాక ఛాతీ పట్టేయడం ఉంటే డాక్టర్‌కు చెప్పండి, ఊపిరితిత్తుల పరీక్ష చేయించుకోండి. గర్భంతో ఉన్నవాళ్లు తమంతట తాము మందులు ఆపొద్దు, కొత్తవి మొదలుపెట్టొద్దు. సురక్షితంగా వాడుకునేవి ఉన్నాయి, డాక్టర్‌ను అడిగి ఎంచుకోవాలి.

మందు తగ్గించడం ఎప్పుడు?

స్ప్రే మొదలుపెట్టి రెండు నుంచి నాలుగు వారాలయ్యాక నోట్‌బుక్ తీసి చూడండి. తేడా లేకపోతే ముందు స్ప్రే కొట్టే పద్ధతిని డాక్టర్ ముందు చేసి చూపించండి. అది సరిగ్గానే ఉంటే మందు మార్చడం, కలపడం గురించి మాట్లాడండి. ముక్కు దూలం వంకర, పాలిప్స్ (ముక్కు లోపల పెరిగే మెత్తని కండ) లాంటివి ఉన్నాయేమో కూడా చూస్తారు. బాగుంటే వెంటనే ఆపేయకండి. అలర్జీ కారకం చుట్టూ ఉన్నంత కాలం మందు ఉండాలి, మోతాదును మాత్రం డాక్టర్ సలహాతో మెట్టు మెట్టుగా తగ్గించవచ్చు. ఫలానా కాలంలోనే వచ్చే అలర్జీ అయితే, పోయినేడు తుమ్ములు మొదలైన తేదీ నోట్‌బుక్‌లో వెతికి, దానికి రెండు వారాల ముందే స్ప్రే మొదలుపెట్టండి. నేను ఆ తేదీని ఫోన్‌లో ఏటా మోగేలా పెట్టుకున్నాను.